వెనక్కి చూడని డ్రైవరు

తొంభైల చివర, మేం కుర్రాళ్ళుగా ఉన్న ఆ రోజుల్లో, గుంటూరులో సినిమాకి వెళ్ళడమంటే టిక్కెట్టు దొరికిన సినిమాకి వెళ్ళడమే. అలా ఒక ఆదివారం మా పొడుగోడూ నేనూ (వాడు నా ప్రాణస్నేహితుడు, ఆరడుగుల పైన ఇంకో రెండంగుళాలు) పెద్ద హీరో బొమ్మకి టిక్కెట్లు దొరక్క, పక్క హాల్లో ఈగలు తోలుకుంటున్న ఇంగ్లీషు డబ్బింగు సినిమాకి దూరాం. నిద్రపోదామనే వెళ్ళాం. కానీ ఏం సినిమా అది! బ్యాంకు కొట్టిన దొంగల్ని కారులో తప్పించే డ్రైవరు కథ. నల్లకళ్ళద్దాలు, తోలు గ్లౌజులు. మాట్లాడడు, ఇంజను ఆపడు, టేపులో పాట పెట్టుకుంటాడు. వెనక తలుపు మూసిన చప్పుడు వినగానే దూసుకుపోతాడు. ఎక్కిందెవరో తిరిగి చూడడు, అద్దంలో కూడా చూడడు. మేమిద్దరం కుర్చీ అంచున కూర్చుని చూశాం. అది చెత్త సినిమా అయ్యుంటే ఒక ఆడపిల్ల మీద ఇన్నేళ్ళు నింద ఉండేది కాదు. అంత బాగా తీసినందుకు ఆ తీసినవాడి మీద నాకిప్పటికీ కోపమే.

ఆ నెల్లోనే పొడుగోడి గొడవ వచ్చింది. ఫిరంగిపురం అవతల పల్లెటూరి అమ్మాయి, వీడూ కాలేజీలో ఇష్టపడ్డారు. ఇంట్లో ఆమెకి వేరే సంబంధం ఖాయం చేస్తున్నారు. అందుకని పొడుగోడు తాడేపల్లిలో ఒక స్నేహితుడి గదిలో పూలదండలతో కాచుకుని ఉండాలి (వాడి ఎత్తుకి ఆమె అన్నలు మైలు దూరం నుంచే పోల్చుకుంటారు), నేను మా బాబాయి అద్దెకు తిప్పే అంబాసిడర్లో అమ్మాయిని అక్కడికి చేర్చాలి. మిరపకాయలు కళ్ళాల్లో ఎండబోసి ఆడవాళ్ళు రంగు పోయిన తాలుకాయలు ఏరే రోజులవి. ఆ ఘాటుకి అందరూ ముఖానికి తువ్వాలు చుట్టి కళ్ళు మాత్రం వదిలేస్తారు. "వాళ్ళ కళ్ళం దగ్గరికి తనూ తువ్వాలు చుట్టుకునే వస్తదిరా, పదకొండింటికి. ఒకసారి మొహం చూసుకుని ఎక్కించుకో" అన్నాడు వాడు. "ఒరేయ్, నాకు చెప్తున్నావా?" అన్నాను. ఆ పొగరు తలుచుకుంటే ఇప్పుడు నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

నల్లకళ్ళద్దాలు పెట్టాను. తోలు గ్లౌజులు మనకెక్కడివి? పత్తికి మందు కొట్టేటప్పుడు వేసుకునే రబ్బరు తొడుగులు వేసుకున్నాను (ఆ వాసనకి నాకే కళ్ళు తిరిగాయి). కళ్ళం పక్కన ఇంజను ఆపకుండా, ముందుకే చూస్తూ కూర్చున్నాను. వెనక తలుపు చప్పుడైంది. దూసుకుపోయాను. టేపు గట్టిగా పెట్టాను. కాసేపటికి వెనక నుంచి నా సీటు మీద దబదబా చరుస్తున్నారు. పాపం, పెళ్ళి సంబరంలో తాళం వేస్తోందనుకుని పాట ఇంకాస్త పెంచాను.

నల్లపాడు దగ్గర రైలు గేటు పడింది. క్యాసెట్టు అయిపోయింది.

"ఒరేయ్, నీకు చెవుడా? నరసరావుపేట అటుంటే ఇటెక్కడికిరా?"

అప్పుడు తిరిగాను. తువ్వాలు విప్పిన ఆ ముఖానికి అరవై ఏళ్ళుంటాయి. అమ్మాయి మేనత్త. అల్లుడు కారు పంపుతానన్నాడట, ఇదే ఆ కారనుకుని ఎక్కేసిందట.

"మీరు... మీరొక్కరేనా అండీ?"

"లేకపోతే ఊరేగింపుతో ఎక్కుతానా? తిప్పు బండి! ఆ చేతులకేంటి, మందు కొట్టడానికి పోతన్నావా?"

తిప్పాను. కళ్ళం దగ్గర ఆవిడని దించుతుండగానే ఒక కూలీ మనిషి పరిగెత్తుకొచ్చింది. "అక్కా, మీ మేనకోడలు సంచీ పట్టుకుని నువ్వెక్కిన కారు వెనకమాల రోడ్డు దాకా పరిగెత్తింది. చెప్పు కూడా తెగిపోయింది. అన్నలొచ్చి ఇంటికి లాక్కుపోయారు." మేనత్త నా వైపు తిరిగేలోపు నేను అక్కడ లేను. ఆ ఒక్కసారి మాత్రం సినిమాలో డ్రైవరు కంటే బాగా నడిపాను.

తాడేపల్లిలో గుమ్మం నిండా పొడుగోడు, చేతిలో దండలు. "ఏదిరా?" అన్నాడు.

"రాలేదురా. గంటసేపు చూశాను. భయపడినట్టుంది."

కారులో జరిగింది పొరపాటు. దానికి ఎవరైనా నవ్వి ఊరుకుంటారు. ఆ గుమ్మంలో నేనన్నది మాత్రం అబద్ధం. ఆమెని గడప దాటనివ్వలేదు, మూడు వారాల్లో ఇంకొకరితో పెళ్ళైపోయింది.

పోయిన నెల పొడుగోడి కూతురి ఓణీల ఫంక్షనులో వాడు అందరి ముందూ ఆ పిల్లతో అంటున్నాడు: "ఒకావిడ పిరికిది కాబట్టి మీ అమ్మ నాకు దొరికిందే!" అందరూ నవ్వారు. అలవాటు కొద్దీ నేనూ నవ్వాను. ఆ తరవాత విస్తరి మడిచేసి లేచాను. అందుకని రాస్తున్నాను. ఒరేయ్ పొడుగోడా, ఆమె వచ్చిందిరా. పట్టపగలు, సొంత అన్నలు చూస్తుండగా, తెగిన చెప్పు వదిలేసి పరిగెత్తింది. పిరికివాణ్ణి నేను. ఇంకోసారి ఆమెని ఆ మాటన్నావంటే ఊరుకోను. ఇది చదివి నన్ను తన్నాలనిపిస్తే రా, ఇంట్లోనే ఉంటాను.

ఇప్పుడు బండి తీసే ముందు మూడుసార్లు వెనక్కి తిరిగి చూస్తాను. "ఎవరున్నారండీ అక్కడ? పోనివ్వండి" అని మా ఆవిడ విసుక్కుంటుంది. ఎవరూ ఉండరు. నాకు మాత్రం నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, రబ్బరు తొడుగుల్లో చెమటలు కారుతూ, మెడ బిగించి కూర్చున్న ఇరవై రెండేళ్ళ వెధవ ఒకడు కనిపిస్తాడు. తిట్టబోతే నవ్వొస్తుంది. ఒక్కసారి వెనక్కి చూడరా, అంటాను. వాడు చూడడు.