నడిమింటి బీగం

మొన్న మా తలవాకిలికి నంబర్లు నొక్కితే తెరుచుకునే బీగం బిగించడానికి ప్రొద్దుటూరు బజారు నుంచి ఇద్దరు మనుషులు వచ్చారు. మేడమీద కొత్తగా బాడుగకు చేరినవాళ్లు అడిగారని మా అబ్బాయి ఒప్పుకున్నాడు. వాళ్లు పాత గడియ ఊడదీస్తుంటే, బొడ్లో బీగంచెవుల గుత్తి దోపుకుని ఆ వాకిట్లోనే కూర్చునే మా అత్త గుర్తుకొచ్చింది. నా ఈడువాళ్ల ఇళ్లలో అలాంటి అత్త ఒకామె ఉండే ఉంటుంది.

నేను కాపురానికి వచ్చేనాటికి మా ఇల్లు వరుసగా ఐదు భాగాలు, అన్నిటికీ కలిపి వీధిలోకి ఒకే తలవాకిలి. పాలవాడు రాకముందే దాన్ని తీయడం, దీపాలవేళ దాటాక ఎవరు ఇంకా రాలేదో చూసుకుని గడియ పెట్టడం మా అత్త పని, ఆమె మోకాళ్లు పట్టేశాక నా పని. సినిమాకు పోయేవాళ్లు ముందే చెప్పి పోవాలి. చెప్పకపోయినా వాకిలి తీసేదిగానీ, మరునాడు కొళాయి దగ్గర ఆమె నోటికి దొరికిపోయేవాళ్లు. ప్రతి భాగానికీ రెండో బీగంచెవి ఆమె గుత్తిలోనే ఉండేది. అదెందుకని నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఐదింటిలో మధ్యదైన నడిమింట్లో ఒక ముస్లిం అక్క, బడికి పోయే కూతురితో ఉండేది. భర్త కువైట్‌లో డ్రైవరు. రవికలు కుట్టి ఇల్లు నడుపుకునేది. పులివెందులలోని ఉమ్మడి ఇంటికి వచ్చేయమని మరుదులు ఎన్నిసార్లు అడిగినా, బిడ్డ చదువు ఈడే బాగుందని పోలేదు. ఒకసారి తల్లికి జ్వరమని ఆమె బిడ్డతో జమ్మలమడుగు పోయినప్పుడు ఆ మరుదులిద్దరూ వ్యాను తీసుకొచ్చారు. సామాన్లు పులివెందుల చేరితే ఆమే వెనక వస్తుందని వాళ్ల లెక్క.

“మా అన్న చెప్పినాడమ్మా. మీ కాడుండే చెవి ఇయ్యండి” అన్నాడు పెద్దవాడు.

“ఆమె రానీ నాయనా. ఆమె ఇల్లు, ఆమే తీస్తాది.”

“ఇల్లు మీది గదమ్మా.”

“గోడలు మావి. లోపలుండే సంసారం ఆమెది” అంది మా అత్త, లేవకుండానే.

వాళ్లు నేరుగా నడిమింటి దగ్గరికి పోయారు. అక్క బీగం మీదనే తమ బీగం ఇంకొకటి వేసి వెళ్లిపోయారు. వాళ్ల ఇంటి తగవులో మనం దూరడమెందుకని మా ఆయన విసుక్కున్నాడు. నాకూ భయమే వేసింది.

మరునాడు బస్సు దిగి వచ్చిన అక్క, తన వాకిట్లో రెండు బీగాలు చూసి, బిడ్డ చెయ్యి పట్టుకుని అట్లే నిలబడిపోయింది. ఏడవలేదు. మా అత్త నన్ను పంపి, బీగాలు బాగుచేసే ఆయన్ను పిలిపించింది. వచ్చినాయన రంపం బయటికి తీయడానికే వెనకాడాడు.

“పంచాయితీ వస్తాదేమోమ్మా.”

“వస్తే నా కాడికి రానీ. నువ్వు కొయ్యప్పా” అంది. ఆ బీగం తెగి కింద పడ్డాక, గుత్తిలోంచి నడిమింటి రెండో చెవి విప్పి అక్క చేతిలో పెట్టింది. “ఇది నా కాడుంటేనే గదా వాళ్లు అడిగినారు. ఇంక నీ కాడే పెట్టుకో.”

మరుదులు మళ్లీ వచ్చారు, ఈసారి వాళ్ల మేనమామను వెంటబెట్టుకుని. అంతవరకు మగవాళ్ల ముందుకు వచ్చి మాట్లాడని అక్క కొంగు సర్దుకుని తలవాకిట్లోకి వచ్చింది. “నేను రాను మామా. ఆయనొస్తే ఈడికే రమ్మనండి” అంది. మేనమామ ఆ మాట విని, మరుదులిద్దరినీ తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ మరుసటి రంజాన్‌కు భర్త వచ్చాడు. పెట్టె చేత పట్టుకుని తలవాకిట్లో నిలబడి, లోపలికి రావచ్చునా అని మా అత్తనడిగాడు. “నన్నెందుకడుగుతాండావు, ఆమెనడుగు” అంది. అక్క తన వాకిలి తీసింది. అతను మళ్లీ కువైట్ పోలేదు; కొన్నేళ్లకు జమ్మలమడుగులో చిన్న బట్టల కొట్టు పెట్టుకుని అక్కడే స్థిరపడ్డారు. ఆ బిడ్డ ఇప్పుడు టీచరమ్మ.

మా అత్త మాత్రం ఆనాటి నుంచి ఏ కొత్త బాడుగవాళ్ల రెండో చెవీ ఉంచుకోలేదు. పెత్తనానికీ కాపలాకూ తేడా నాకు ఆమెను చూశాకే తెలిసింది.

ఇప్పుడు మేడమీదికి వేరే మెట్లు, వెనకవైపుకు వేరే దారి. బాడుగ ఫోన్లోనే వచ్చేస్తుంది. ఎవరి గుట్టు వాళ్లది, మంచిదే, నేనూ కాదనను. కానీ మొన్న మెట్ల మీద ఒక అమ్మాయి ఎదురై నవ్వి పోతుంటే, ఈమె మన ఇంట్లోనే ఉంటుందా, ఎవరినైనా చూడవచ్చిందా అని నాలో నేనే అనుకుంటూ నిలబడిపోయాను. ఆమె వాకిట్లో ఎవరైనా వచ్చి బీగం వేసి పోతే, నాకు ఎవరు చెబుతారు?