బొంత లోపలి రంగు

ఈ ఉదయం హైటెక్ సిటీలో మా ఆఫీసు లాబీలో ఉన్నవి: ముగ్గురు సెక్యూరిటీ వాళ్లు, రెండు సోఫాలు, కార్డు చూపితే తెరుచుకునే నాలుగు గేట్లు, కార్డు ఇంట్లో మర్చిపోయిన నేను, గోడ మీద కొత్తగా తగిలించిన మా అత్తమ్మ కొలాజ్. మా నాన్నకు అక్క; డ్రాయింగ్ టీచరుగా రిటైరయింది. ఈ చుట్టుపక్కలే గడిచిన తన చిన్నతనాన్ని ముక్కలుగా అతికించింది. పాత పెళ్లిపత్రికలు బండరాళ్లయ్యాయి. మందుబిళ్లల వెండి రేకు బావిలో నీళ్లయింది. బావి ఇంటికంటే పెద్దది. స్కేలు తప్పిందని నేను లెక్క చూపిస్తే, "ఆరేండ్ల పిల్లకు గంతే కనవడుతది బిడ్డా. నువ్వెప్పుడన్న బాయిలకు తొంగి చూసినవా?" అంది.

మధ్యలో ఒక్క చోటు మాత్రం నెల రోజులు ఖాళీగా ఉండిపోయింది. అది వాళ్లమ్మది. అత్తమ్మకు ఆరేళ్లు, నాన్నకు రెండేళ్లు ఉన్నప్పుడు నానమ్మ పోయింది. ఫోటో లేదు. అత్తమ్మకు ముఖం గుర్తులేదు, చీర గుర్తుంది: ఆకుపచ్చ. నల్లగండ్లలో మా ఫ్లాటులో ఉప్మా తింటూ నాన్న అడ్డుపడ్డాడు.

"ఎర్ర చీర అక్కా."

"లాగు తొడుక్కునుడు రాని పోరనివి, నీకు చీర రంగు ఎరుకనా?"

"ఎర్రదే. పట్టుకొని నడిచేటోన్ని."

సాక్ష్యం ఒకటే ఉంది. నానమ్మ పోయాక ఆమె తల్లి, కూతురి చీరలన్నీ పొరలుగా పరిచి కుట్టిన బొంత. పై పొరలు ఎప్పుడో బూడిదరంగుకు వెలిసిపోయాయి. విప్పితే ఆ చేతి కుట్టు మళ్లీ రాదు. వాళ్లమ్మ తాలూకు మిగిలింది ఆ బొంతే. అత్తమ్మ మూడు రోజులు కత్తెర తీసింది, పెట్టేసింది. నాలుగో రోజు, "ఇగ జర పట్టురా. చూడకుంటనే పోతనేమో," అంటూ తమ్ముడికి ఒక కొస అందించింది.

ఐదో పొర నారుమడి రంగులో ఉంది. అంత పచ్చదనం ఇన్నేళ్లు మా మంచం మీదే ఉందంటే నమ్మలేకపోయాను. అత్తమ్మ "చూసినవా" అనబోయి ఆగిపోయింది. చీర కింది అంచు ఎర్రగా ఉంది, నాలుగు వేళ్ల వెడల్పున. తప్పటడుగులు వేసే పిల్లవాడి పిడికిలికి అందేది అదే. నాన్న దాన్ని పిడికిట్లో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఎవరి ఎత్తు నుంచి వాళ్లు చూసినదాన్ని ఇద్దరూ ఒక్క నూలుపోగు తేడా లేకుండా ఇంతకాలం మోశారు.

వెలుతురు తగిలిన పొరల మీదుగానే కాలం నడిచినట్టుంది. అత్తమ్మ పచ్చా ఎరుపూ కలిసేలా, కొలాజ్‌లో ఆ ఖాళీ చోటికి సరిపోయే ఒక ముక్క కత్తిరించింది. పొడవు పదహారు సెంటీమీటర్లు, వెడల్పు తొమ్మిది.