వీబె సగం లెక్క

ఎన్‌స్ఖెడె ఊళ్లోని ప్రయోగశాలలో కాఫీ యంత్రం ముందు ఒక నిలువెత్తు మనిషి కొంగలా వంగి, గొట్టం చివర వేలాడే ఆఖరి చుక్క తెగిపడేదాకా చూస్తూ నిలబడ్డాడంటే అతను వీబె అన్నమాటే. వెనక వరుస పెరుగుతున్నా కదలడు. వెంట్రుకంత సన్నటి కాలువల్లో నూనె, నీళ్లు ఎలా పారతాయో కంప్యూటర్‌లో లెక్కగట్టడం అతని పని. ఆ పనిలోనే జుట్టు నెరిసింది గాని, చేతికి తడి అంటింది లేదు. కాలువకు కుడి ఎడమలు ఒకేలా ఉంటాయి కదా అని సగమే లెక్కగట్టి, రెండో సగాన్ని అద్దంలో బొమ్మలా పక్కన అతికిస్తాడు. మిగిలిన సమయంలో తీరిగ్గా చీజు రొట్టె తింటాడు.

మొన్న, గాజుపలకల మీద ఆ కాలువలు చెక్కే హిస్కె వచ్చింది. "కాలువ చీలినచోట నా నూనె బొట్లన్నీ ఎడమకే పోతున్నాయి వీబె. నీ తెర మీదేమో బుద్ధిగా చెరి సగం పంచుకుంటున్నాయి."

"నువ్వే వంకరగా చెక్కి ఉంటావ్," అన్నాడు తెర మీంచి కళ్లు తిప్పకుండా. తను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

"ఒక్కసారి మొత్తం లెక్కగట్టి చూడు. ఓడినవాళ్లు సోమవారం కేకు తేవాలి."

లెక్కగట్టాడు. తెర మీద మొదటి బొట్టు ఎడమకు తిరిగింది. వెనకున్నవన్నీ గొర్రెల్లా దాని వెంటే పోయాయి.

సోమవారం కాఫీవేళకు బల్ల మీద, అద్దానికి ఆనించిన సగం ఆపిల్ కేకు ప్రత్యక్షమైంది. "రెండో సగం కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. కొనడం దండగ," అన్నాడు వీబె, మొహాన నవ్వు కనబడనీయకుండా.

హిస్కె కేకంతా తన పళ్లెంలోకి జార్చుకుని, అద్దాన్ని అతని ముందుకు తోసింది.

"అయితే నీ సగం నువ్వు తిను."