ఖాళీ కుర్చీ పక్కన ప్లాస్టిక్ కుర్చీ

మెట్‌పల్లి దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూలులో లెక్కల స్కూల్ అసిస్టెంట్‌గా, అంటే పై తరగతుల సబ్జెక్టు టీచరుగా పనిచేస్తుండగా, ఒక జూలై మొదటి వారంలో నాకు హెడ్మాస్టరుగా ప్రమోషన్ వచ్చింది. పోస్టింగ్ భైంసా వైపు. చేరడానికి పదిహేను రోజుల గడువు. చేరకపోతే వద్దని రాసివ్వాలి.

మా ఆయన ఆగలేకపోయాడు. "ఒప్పుకోరాదే! హెడ్మాస్టర్ మొగుడంటే నాకూ జర ఇజ్జత్ ఉంటది" అన్నాడు. నాకేమో పదో తరగతికి లెక్కలు చెప్పడమంటే ప్రాణం. ఆదివారం చర్చిలో ప్రసంగం సాగుతుండగా, పాటల పుస్తకం చాటున లాభనష్టాలు రెండు వరుసల్లో రాసి మార్కులు వేశాను. ఏం చేస్తాం, రెండూ సమానం!

మా హెడ్మాస్టరు అంతకు వారం ముందే రిటైరయ్యారు. కొత్తవారు వచ్చేదాకా బడిలో సీనియర్ టీచరే ఇన్‌చార్జి. అంటే నేనే. సరే, ఆ ఉద్యోగం రుచి ఇక్కడే చూద్దామనుకుని ఆఫీసు గదిలోకి వెళ్లి కూర్చోబోయాను. అటెండర్ రాజమల్లు పరుగెత్తుకొచ్చాడు.

"మేడం, ఇన్‌చార్జోళ్లు గా కుర్చీల కూసోరు. పక్కకేసుకుంటరు."

మా బళ్లలో అదొక మర్యాద. పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకున్నాను.

ఇక వారమంతా మధ్యాహ్న భోజనం గుడ్లు, మరుగుదొడ్ల ఫొటోలు, ఆన్‌లైన్ పట్టికలు. పదో తరగతికి ఒక్క పీరియడ్ వెళ్లలేదు. ఏడుపొక్కటే తక్కువ.

ఏడో రోజు ఒక తండ్రి కొడుకు టీసీ కోసం వచ్చాడు. పిల్లగానికి లెక్కలు వస్తలేవు, వేరే బడికి మారుస్తానన్నాడు. నాకు ఒళ్లు మండింది. పిల్లల సంఖ్య రాసే బోర్డు తుడిచేసి, గోడకు నిచ్చెన ఆనించిన లెక్క చేసి చూపించాను. రాజమల్లు, వంట చేసే పోశవ్వ కూడా వచ్చి నిలబడ్డారు. ఆ తండ్రి టీసీ మాట మరిచి, "ఇంకో లెక్క ఇయ్యుండ్రి మేడం" అన్నాడు.

సరిగ్గా అప్పుడే తనిఖీ అధికారి గుమ్మంలోకి వచ్చి, హెడ్మాస్టర్ ఎవరని అడిగారు. ముగ్గురూ ఒక్కసారే ఖాళీ కుర్చీ వైపు వేలు చూపించారు!

ఆయన నవ్వలేదు. రిజిస్టర్లన్నీ చూసి, వెళ్లేటప్పుడు మాత్రం ఆ నిచ్చెన పొడవెంత వచ్చిందని అడిగారు.

ఆ సాయంత్రమే ప్రమోషన్ వద్దని రాసిచ్చాను. మర్నాడు సంబరంగా పదో తరగతికి బయలుదేరితే, రాజమల్లు ఆఫీసు తాళాలతో ఎదురొచ్చాడు.

"గటెటు వోతున్రు మేడం? మీరు ఈడనే ఉంటే సీనియర్ మీరే గదా!"

భైంసా వెళ్లి ఉంటే ఆ తాళాలు ఇంకొకరి మెడకు చుట్టుకునేవి. ఇంత చిన్న సంగతి లెక్కల టీచరుకు తట్టలేదు. నేను రిటైరయ్యేదాకా, నాలుగేళ్లూ, కొత్త హెడ్మాస్టరు రానేలేదు. పదో తరగతిని ఆఫీసు గదిలోకే తెచ్చుకుని పాఠాలు చెప్పాను. రెండు ప్లాస్టిక్ కుర్చీలు విరిగాయి. అసలు కుర్చీ కొత్తగానే ఉంది.

నేను నేర్చుకున్నది ఇది: హెడ్మాస్టర్ పదవి వద్దని రాసిచ్చే ముందు, సొంత బడి సీనియారిటీ లిస్టులో మొదటి పేరు ఎవరిదో చూసుకోవాలి.