ఫిరంగికి బొట్టు, కమాండరుకు నిమ్మకాయ

ముందే చెప్పేస్తున్నాను: చీమ కనబడితే ఏనుగని రాసే రకం నేను. ఇందులో సగం తగ్గించుకుని చదవండి. తగ్గించినా సరే, జరిగిన ఘోరం సింగపూర్ దీవంత మిగులుతుంది.

వైటూకే రోజులు. రెండువేల సంవత్సరం రాగానే తికమకపడకుండా కంప్యూటర్లలో సంవత్సరాలు సరిదిద్దడమే సింగపూర్‌లో నా ఉద్యోగం. ఆ పని ఇచ్చిన ఇంగ్లీషు క్లయింటు లండన్ నుంచి దిగాడు. ఆయన సరేనంటే నాకింకో ఏడాది. కాదంటే ఇంటికి విమానం. ఆయనకో పిచ్చి ఉంది. పదిహేడో శతాబ్దపు ఇంగ్లీషు నౌకాదళ కమాండరొకడు తిరిగిన కోటలూ రేవులూ వెతుక్కుంటూ తిరగడం.

"ఆయన తాలూకువి ఇక్కడేమైనా ఉన్నాయా?"

'తెలియదు' అనే మాట మా జిల్లాలో ఎవరికీ నేర్పరు. "ఎందుకు లేవు సార్! ఆయన పేల్చిన ఫిరంగే ఉంది!" అనేశాను. ఆ మహానుభావుడు కలలో కూడా ఇటువైపు ఓడ తిప్పలేదట.

మర్నాడు ఆయుధపూజ. జురాంగ్ ఈస్ట్ ఫ్లాట్‌లో నా రూమ్మేట్ సత్తిబాబు కీబోర్డులకూ రైస్ కుక్కరుకూ బొట్లు పెట్టేసి, మిగిలిన కుంకుమతో, నేను చూపిస్తానన్న ఫిరంగి ఉన్న సెంటోసా దీవి కోటకు నా వెంటపడ్డాడు.

"ఒరేయ్, కుక్కరుకు పెట్టి అసలు ఆయుధాన్ని వదిలేస్తామా? నీ ఉద్యోగం నిలబడొద్దూ?" అంటూ క్లయింటు రాకముందే ఫిరంగికి అరచేయంత బొట్టు పెట్టి, కింద నిమ్మకాయ ఉంచాడు.

క్లయింటు వచ్చాడు. "ఈ ఎరుపేమిటి?"

"శత్రువుల రక్తం సార్. మూడు వందల ఏళ్లయినా చెరగలేదు!"

"ఇంకా తడిగా కూడా ఉందే!" అని, పరీక్ష హాల్లో చిట్టీ పట్టుకున్న మాస్టారిలా వంగి, ఫిరంగి మీద పోతపోసిన సంవత్సరం చదివాడు. "ఇది మా కమాండరు పోయిన రెండు వందల ఏళ్లకు పుట్టింది. నిన్ను పెట్టుకున్నది సంవత్సరాలు సరిదిద్దడానికే కదూ?"

ఇంతలో కోట కాపలాదారు సింగపూర్ ఇంగ్లీషులో అరుస్తూ పరుగెత్తుకొచ్చాడు. "హలో! హూ పుట్ దిస్ పౌడర్? కెనాట్ లా!"

సత్తిబాబు కోసం చూశాను. లేడు. నా చేతిరుమాలుతోనే శత్రువుల రక్తం తుడిచాను.

క్లయింటు నిమ్మకాయ చేతిలోకి తీసుకున్నాడు. "మరిది?"

అప్పుడైనా నోరు మూసుకోవచ్చా? "కమాండరుగారి ప్రసాదం సార్."

ఆయన దాన్ని వాసన చూశాడు. "ఆ రోజుల్లో ఓడల మీద ఇలాంటిది దొరక్కే చిగుళ్లు కుళ్లి చచ్చేవారయ్యా. మూడు వందల ఏళ్లు ఆలస్యమైనా, అందించావు" అని జేబులో వేసుకున్నాడు.

ఉద్యోగం నిలిచింది. కాకపోతే నేను దిద్దిన ప్రతి తేదీనీ ఇంకొకరు సరిచూడాలన్న షరతుతో.

ఆనాడే సెంటోసా సముద్రం సాక్షిగా ఒట్టేశాను: పుట్టిన సంవత్సరం కనుక్కోకుండా ఏ ఫిరంగికీ ఇక బొట్టు పెట్టను.

పెట్టింది సత్తిబాబు కదా, ఒట్టు నాదేమిటంటారా? నేను కల్పించిన ముక్క అదే. వాడు ఆ వేళ ఫ్లాట్‌లో గురకపెడుతున్నాడు.