అరవై ఎనిమిది శాతం

గంగ ఇప్పుడు ముంచింగిపుట్టు అవతల తన ఊళ్లోనే ఉంటోంది. వానల్లో రాగిచేను కలుపు తీస్తుంది, చలికాలం కాఫీ పళ్లు కోస్తుంది. సంతలో కనిపిస్తే దగ్గరికొచ్చి, "మీ పాప బాగుందా మేడం?" అని అడుగుతుంది. తిరిగి ఏమడగాలో నాకు తెలియదు.

రెండేళ్ల కిందట, 2004లో, ఆమె మా డిగ్రీ కాలేజీలో బీయస్సీ ఆఖరి సంవత్సరం చదివేది. నేనక్కడ జువాలజీ కాంట్రాక్టు లెక్చరర్ని.

వాళ్ల ఊళ్లో ఇరవై మూడు గడపలు. ఇంటర్ దాటింది ఆమె ఒక్కతే. ఏడేళ్లప్పుడు తండ్రి సోంబరు భుజాల మీద ఎక్కించుకుని, గెడ్డ నీళ్లు దాటించి ఆశ్రమ పాఠశాలలో దింపాడట. "మూడుసార్లు పారిపోయి ఇంటికెళ్లిపోయాను మేడం," అని ఓసారి నవ్వుతూ చెప్పింది. "మూడుసార్లూ మోసుకొచ్చాడు. నాలుగోసారి, నువ్వు బరువెక్కిపోయావే, నడిసి రా అన్నాడు. నడిసే పనైతే పారిపోడం దేనికని ఉండిపోయాను."

ఆ బడిలో సైన్సు చెప్పడానికి ఎవరూ ఉండేవారు కాదు. లెక్కల మాస్టారే పుస్తకం చూసి చదివేవారు. బీఈడీ చేసి ఆ బడికే సైన్సు టీచరుగా వెళ్లాలని గంగ కోరిక. వెళ్లగలదని నాకూ నమ్మకం. ప్రాక్టికల్ రికార్డులో ఆమె గీసిన బొమ్మల్లో నేను ఎర్ర కలం పెట్టే చోటు ఉండేది కాదు.

ఆమె చదువు రెండింటి మీద నిలబడింది: ప్రభుత్వ స్కాలర్‌షిప్పు, గిరిజన హాస్టలు. ఆ రెండూ సాగాలంటే డెబ్బై అయిదు శాతం హాజరు ఉండాలి.

ఆగస్టులో వాళ్లమ్మకు మలేరియా మెదడుకెక్కింది. డోలీలో ఆసుపత్రికి మోసుకొస్తుంటే దారిలోనే పోయింది. గంగ చంటి చెల్లికి అప్పటికి పధ్నాలుగు నెలలు, ఇంకా తల్లిపాల మీదే ఉంది. కబురు తెచ్చిన జీపులోనే వెళ్లిన గంగ, ఆ పిల్ల పాలు మరిచి జావ తాగడం నేర్చేదాకా తిరిగి రాలేదు. డిసెంబరు వరకు నూట ఇరవై పనిదినాలు. అందులో ముప్పై ఎనిమిది పోయాయి. మిగతావాటిలో ఒక్కరోజు కూడా మానలేదు.

జనవరిలో రిజిస్టరు లెక్క కట్టి, అరవై ఎనిమిది అని చూసి ఆఫీసుకి పరుగెత్తాను. గుమాస్తా సర్వేశ్వరరావు గారు తలెత్తకుండానే అన్నారు: "ఏటి మేడం, అంత కంగారు? అరవై అయిదు దాటితే మినహాయింపుంది కదా. జొరమొచ్చినట్టు డాక్టరు సర్టిఫికెట్టు, తండ్రి ఏలుముద్ర. ఈ నెలలోగా బేగి పెట్టించండి."

"జబ్బు చేసింది వాళ్లమ్మకండీ."

"అమ్మకి సేత్తే అమ్మ హాజరు తగ్గాల గానీ, పిల్లది తగ్గడమేటి? ఫారంలో గడి ఒక్కటే ఉంది, విద్యార్థి అనారోగ్యం అని. సావుకి గడి లేదు. నన్నేటి సెయ్యమంటారు?"

ల్యాబులో ఈ సంగతి చెబితే గంగ తుడుస్తున్న సీసా పక్కన పెట్టింది. "అమ్మ జొరాన్ని నా పేరున రాయించుకోవాలా మేడం?" అంది.

"పేరు రాస్తే జ్వరం రాదు గంగా. జ్వరం తెచ్చే ప్లాస్మోడియం గురించి నీకు నేను చెప్పాలా?"

"నాకు తెలుసు. ఆ బొమ్మకి మీరు పదికి పది ఇచ్చారు. నాన్నకి తెలీదు కదా."

సంతరోజు సోంబరు వచ్చాడు. వీపున గుడ్డలో చంటిపిల్ల నిద్రపోతోంది. స్టాఫ్ రూములో కుర్చీ చూపించినా గోడవారనే కూర్చున్నాడు. గంగ తలుపు దగ్గర నిలబడింది. ఇంకుప్యాడ్ తెరిచి పెట్టి, ఫారం చదివి వినిపించాను: 'నా కుమార్తె గంగ మలేరియా జ్వరంతో బాధపడినందున...'

"ఏ గంగ?" అని లేచాడు.

"మీ గంగే. కాగితం మీద మాత్రమే సోంబరు గారూ."

"ఆ మాట ఎనక్కి తీసుకో అమ్మా."

దోమ సంగతి చెప్పాను. రక్తంలో ఏం జరుగుతుందో చెప్పాను. అడ్డు రాకుండా విన్నాడు.

"దోమే అయ్యుంటాది. నువ్వు సదువుకున్నదానివి," అన్నాడు నెమ్మదిగా. "నీకూ పిల్లుందంట కదా. ఆ పిల్ల పేరు ఎట్టి ఇదే రాసి సదువమ్మా. అప్పుడు నేనూ ఏస్తాను."

ఎగతాళి కాదు. నిజంగానే అడిగాడు. ఆ రోజు చిత్తుకాగితం మీద నేను ఒక్క వాక్యం రాసి చదివితే గంగ చదువు నిలబడేది. కలం తీశాను. పాప పేరు రాశాను. పాపకు అప్పుడు పదకొండు నెలలు. దోమతెర లేకుండా ఒక్కరాత్రి పడుకోబెట్టలేదు. పేరు పక్కన 'మలేరియా' అని రాయడానికి నా చెయ్యి కదల్లేదు. జీవశాస్త్రంలో పీజీ చేసినదాన్ని, కాగితం నలిపేశాను.

సోంబరు జారిన గుడ్డ సర్దుకుని, గంగ తల ఒకసారి నిమిరి వెళ్లిపోయాడు.

అబద్ధం రాయలేకపోయాను కనక నిజమే రాశాను. తల్లి మరణ ధ్రువపత్రం జతచేసి, యూనివర్సిటీకి రెండు పేజీల ఉత్తరం పంపాను. చదివినవాళ్లు కాదనరనుకున్నాను. మూడు వారాలకి ఒక్క వరుస జవాబొచ్చింది: నిబంధనల్లో అవకాశం లేదు. అదే కవరులో మరో నలుగురికి మినహాయింపులు వచ్చాయి. వాళ్ల సర్టిఫికెట్లు నాలుగూ ఒకే చేత్తో, ఒకే సిరాతో రాసినవి. వాటిని సిఫారసు చేస్తూ సంతకం పెట్టింది నేనే.

పరీక్షలదాకా ఖర్చు నేను పెట్టుకుంటానన్నాను. మా ఇంట్లోనే ఉండమన్నాను. "ఈ మూడు నెలలు మీరు పెడతారు మేడం. బీఈడీకి? ఆ తరవాత?" అంది గంగ. "ఇంటికాడ చెల్లి నన్నే అమ్మా అంటోంది." అంతకుమించి నేను బలవంతం చేయలేదు. చేసి ఉండాల్సిందేమో.

టీసీ తీసుకోవడానికి ఒక్కతే వచ్చింది. కాలేజీ వదులుతున్న కారణం అన్న గడిలో సర్వేశ్వరరావు గారు 'విద్యార్థిని సొంత కోరికపై' అని రాసి, రిజిస్టరు ఆమె వైపు తిప్పారు. గంగ చదువుకుంది.

"నేను కోరానా సార్?"

"అందరికీ అలాగే రాత్తామమ్మా. సంతకం ఎట్టు."

ఆమె నా వైపు తిరిగింది.

"ఇది రాస్తే ఎవరికీ ఏమీ అవదు కదా మేడం?"

సర్వేశ్వరరావు గారి కలం అందుకుని సంతకం పెట్టేసింది.