అమ్మ కట్టెతో లేచిన భట్టీ

మైత్రీవనం పక్క సందులో, కోచింగు సెంటర్ల బోర్డుల కింద, పొద్దున్నే ఒక బేకరీ షట్టరు లేస్తుంది. ఆ బన్నుల వాసనకు నేను ఇప్పటికీ నడక ఆపేస్తాను. వెనక వచ్చే హాస్టలు పిల్లలు విసుక్కుంటారు, విసుక్కోనీ. కరెంటు పొయ్యిలో కాలిన రొట్టెకు వాసన ఉంటుంది గానీ దానిలో చింతకట్టెల పొగ ఉండదు, వేడెక్కిన ఇటుక వాసన ఉండదు. అవి రెండూ ఉన్న రొట్టె తిని పెరిగినదాన్ని, వంకలు పెట్టే హక్కు నాకు కాక ఇంకెవరికుంది?

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. అమీర్‌పేట అప్పటికి ఊరే. మా పెంకుటింటి వెనక జొన్నచేలు, వానలు వెనకపట్టి తంగేడు పూసిందంటే పంజాగుట్ట దాకా పసుపే పసుపు. ఆడపిల్లలం ఆ పొదల పక్కన గచ్చకాయలు ఆడుతూ, బతుకమ్మకు పూలు తెంపేవాళ్ళకు ఒడి నింపి ఇచ్చి, చివరి రోజు సద్దుల నాడు వాళ్ళు పెట్టే, రొట్టె బెల్లం కలిపిన మలీద ముద్దలు ఇంటికి తేకుండా దారిలోనే తినేసేవాళ్ళం. క్రిస్మస్‌కు మా ఇంటి గరిజెలు ఆ ఇళ్ళన్నిటికీ పోయేవి.

మా నాయన దావీదు మేస్త్రీ. గోడలు కట్టేవాళ్ళు వాడకు పదిమంది ఉండేవాళ్ళు, రొట్టెల భట్టీ మీద గుమ్మటం లేపేవాళ్ళు మాత్రం మా చుట్టుపక్కల ఇద్దరే: ఆయన, ఆయనకు పని నేర్పిన మల్లయ్య తాత. తాత నోట్లో చుట్ట ఆరిపోయినా తీసేవాడు కాదు, మాట్లాడినప్పుడు అది కూడా ఊగేది. వాళ్ళ పద్ధతి ఒకటే. భట్టీ లోపల తడి ఇసుక కుప్పపోసి, అరచేతులతో కొట్టి కొట్టి గుండ్రంగా చేసి, దాని మీద పుట్టమన్ను, బెల్లం నీళ్ళు కలిపిన అడుసుతో ఇటుకలు పేర్చి, ఆరిన తర్వాత ఇసుకను మూతిలోంచి లాగేసేవాళ్ళు. ఆ సంవత్సరం పంజాగుట్ట బేకరీలో ఇసుక కుప్ప ఒకవైపు కుంగింది. అది కంటికి ఆనలేదు. కుంగినవైపు గుమ్మటం చదునుగా వచ్చింది, ఇసుక లాగిన గంటలోనే ఆ చదును అంతా లోపలికి కూలింది. బేకరీ సేటు మంచివాడే, కానీ ఆయన మాట కత్తిలా ఉండేది.

"దావీద్, ఇంకొక్కసారి చూస్త. గిది సుత పడితే భట్టీ పని మర్చిపో. నేనే కాదు, ఎవ్వరూ పిలువరు."

నాయన ఆ సాయంత్రం అన్నం ముందు కూచుని కలుపుతూనే ఉన్నాడు. అమ్మ ఆయన్ని చూడలేదు, మా ఇంటి తలుపును చూస్తోంది. వానకు ఉబ్బి నేలను గీకే తలుపు అది. తీసీ వేసీ మట్టినేల మీద విల్లులాంటి గీత పడింది.

"గీ తలుపు ఎన్నేండ్లు తిప్పినా గీత తప్పిందా? తప్పదు. దాన్ని పట్టుకున్న బందు కదలదు గదా. నీ ఇసుక కదిలింది," అంది.

ఆ రాత్రికి మా తలుపు ఒక బందు పోగొట్టుకుంది, నెలరోజులు తాడుతో వేలాడింది. అమ్మ ఆ బందు ఒక రెక్కను ఒక చెక్క పలకకు ఒకే మేకుతో వదులుగా కొట్టించింది, చుట్టూ తిరిగేట్టు. రెండో రెక్కకు టేకు కర్ర బిగించింది, పైకీ కిందికీ లేచేట్టు. బందు నుంచి కర్ర చివరి దాకా భట్టీ వెడల్పులో సరిగ్గా సగం. చివర ఇటుక కూర్చోవడానికి వంచిన ఇనుపరేకు. అంతే. పలకను భట్టీ నేల నడిమధ్యన దిగ్గొట్టి, కర్ర ఎక్కడ ఆగితే అక్కడ ఇటుక పెట్టడమే. మల్లయ్య తాత చూసి, "ఆడిదాని కట్టె పట్టుకొని గుమ్మటం కడ్తవారా?" అని నవ్వాడు. నాయన నవ్వలేదు. వరుస మీద వరుస, కర్ర తిరిగింది, గుమ్మటం గుడ్డులా లేచింది. చివరి ఇటుక పైనుంచి దిగేసరికి తాత చుట్ట కింద పడింది, తీసుకోవాలని కూడా తోచలేదు.

అప్పుడు తెలిసింది మా తెలివి. ఇసుకనైతే పారతో లాగేవాళ్ళు కదా, ఆ అలవాటులో, నేలకు దిగ్గొట్టిన కట్టెను ఎట్లా తీయాలో ఒక్కరూ అనుకోలేదు! తెల్లారితే సేటు తడి ఆరేందుకు లోపల చిన్నమంట పెట్టించడానికి వస్తాడు. తాడు కట్టి లాగితే కర్ర ఎగిరి పచ్చి ఇటుకకు తగలవచ్చు. నాయన భట్టీ మూతి దగ్గర తల పట్టుకుని కూచున్నాడు. అమ్మ కొంగు నడుముకు చుట్టి, సుత్తి పట్టుకుని, ఆ మూతిలోంచి పాకుతూ లోపలికి పోయింది. నాకు అమ్మ పాదాలే కనిపిస్తున్నాయి.

"బయటికి రా! పచ్చిది, మీద పడ్తది!" అని నాయన అరిచాడు.

"పడితే నా మీద పడనీ. నీ పేరు మీద పడొద్దు," అంది లోపలినుంచి.

ఆమె మేకు పీకిన చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. నల్లగా, బురదగా, చంకలో కట్టెతో బయటికి వచ్చింది మా అమ్మ రూతమ్మ. నా అంత గర్వపడ్డ పిల్ల ఆ రోజు హైదరాబాదులో ఇంకొకతి ఉండి ఉండదు. భట్టీ నిలిచింది. దసరానాడు మల్లయ్య తాత తన తాపీలు, సుత్తులు కడిగి వరుసగా పేర్చి, మా ఇంటికొచ్చి ఆ కట్టెను అడిగి తీసుకుపోయి, వాటన్నిటికీ ముందు పెట్టి పసుపు కుంకుమ పెట్టాడు. మేం చర్చికి పోయేవాళ్ళం, అయినా నాయన వద్దనలేదు.

పోయిన నెల ఆ పాత పంజాగుట్ట బేకరీని పడగొట్టారు. జొన్నచేలు, తంగేడు, తాత, అమ్మానాయనలు ఎప్పుడో పోయారు, మిగిలింది అదొక్కటే. ఆటో దిగి నిలబడి చూశాను. గోడలు పొద్దున్నే ఒరిగాయి, గుమ్మటం మాత్రం మధ్యాహ్నం దాటినా సుత్తి దెబ్బలు తింటూ అట్లాగే ఉంది. పడగొట్టే కుర్రాడు చెమట తుడుచుకుంటూ నావైపు తిరిగాడు.

"ఎవడు కట్టిండో గానీ పడ్తలేదమ్మా!"

"కట్టింది మా నాయన," అన్నాను. "పడకుంట చేసింది మా అమ్మ."